ఇంఫాల్ పోలో మైదానం: ‘ప్రపంచంలోనే పాతది’ అన్న మాట వెనుక

మాళేగావ్ జాతర గురించి మా ధర్మాబాద్ వైపు తెలుగువాళ్లకు కొత్తగా చెప్పవలసింది లేదు. నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో మార్గశిర మాసం చివర ఖండోబా పేరున జరిగే ఆ జాతరకు సరిహద్దుకు ఇవతలి వాళ్లూ అవతలి వాళ్లూ కలిసే వెళతారు. మరాఠీవాళ్లు ఖండోబా అని కొలిచే దేవుణ్ణి మనం మల్లన్న అంటాం. పసుపు బండారి చల్లుకునే చేతులకు భాష తేడా తెలియదు. ఆ దేవుడు గుర్రమెక్కి తిరిగేవాడు కాబట్టి ఆయన జాతరలో గుర్రాల సంత కూడా పెద్దదే. అక్కడ ఎత్తయిన మార్వాడీ గుర్రాల వరుసకు కొంచెం ఎడంగా, మా వైపు ‘తట్టు’ అని పిలిచే పొట్టి గుర్రాలు కట్టేసి ఉన్న చోట, వెంట వచ్చిన మా అన్న కొడుకు నన్నొక ప్రశ్న అడిగాడు. “చిన్నాయనా, పోలో ఆట మణిపూర్‌లనే పుట్టిందట, లోకంల అన్నిటికన్న పాత పోలో మైదానం గూడ అక్కడనే ఉన్నదట, నిజమేనా?”

అవునని ఒక్క మాటలో తేల్చవచ్చు. చాలామంది అలాగే తేలుస్తారు కూడా. కానీ ఆ ‘పాత’ అన్న మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు చిక్కుపడి ఉన్నాయి. గుర్రమెక్కి కర్రతో బంతిని కొట్టే ఆట ముందుగా ఎక్కడ పుట్టింది? నేడు ప్రపంచమంతా పోలో పేరుతో ఆడుతున్న ఆట ఎవరి నుంచి వచ్చింది? ఇంఫాల్ నడిబొడ్డున ఉన్న ఆ నేల ఎంతకాలంగా ఆటస్థలంగా ఉంది? ఈ మూడింటికీ జవాబులు ఒకటి కావు, వాటికున్న ఆధారాల బలం కూడా ఒకటి కాదు. ఈ మూడింటినీ కలిపి ఒకే గొప్పగా చెప్పుకోవడం వల్ల నాలుగో సంగతి మరుగున పడుతోంది. ఆ మైదానానికి తరతరాలుగా గుర్రాలను పెంచి ఇచ్చిన ఊళ్ల సంగతి అది. ఈ వ్యాసం ముఖ్యంగా దాని కోసమే.

ముందు పేర్లు తెలుసుకోవాలి. మణిపూర్ లోయలోని మెయితెయి భాషలో ఈ ఆట పేరు సగోల్ కాంగ్‌జై. సగోల్ అంటే గుర్రం, కాంగ్‌జై అంటే కర్రతో బంతిని కొట్టే ఆట. ఇదే ఆటను కాలినడకన ఆడితే ఖోంగ్ కాంగ్‌జై అవుతుంది; ఖోంగ్ అంటే పాదం. ఆట ఆడే చోటు కాంగ్‌జైబుంగ్. రాజుల కోట అయిన కాంగ్లా లోపల రాజవంశీకులు ఆడుకునే స్థలం మనుంగ్ కాంగ్‌జైబుంగ్, అంటే లోపలి మైదానం. కోట వెలుపల అందరికీ కనబడేలా ఉన్నది మపాల్ కాంగ్‌జైబుంగ్, అంటే బయటి మైదానం. ఇప్పుడు పత్రికలు ఇంఫాల్ పోలో మైదానమని రాసేది ఈ రెండోదాన్నే. లోపలి మైదానం రాజుది, బయటిది జనానిది అన్న ఈ విభజన చిన్నదిగా కనబడుతుంది గానీ, తర్వాత జరిగిన కథంతా ఈ బయటి మైదానం చుట్టూనే తిరిగింది.

ఇక మొదటి ప్రశ్న. గుర్రం మీద నుంచి బంతిని కొట్టే ఆటకు అందరికన్నా ముందు పారశీకుల పేరు చెప్పడం ఆనవాయితీ. అక్కడ దాని పేరు చౌగాన్. ఇస్ఫహాన్ నగరంలో షా అబ్బాస్ కట్టించిన నక్ష్-ఎ-జహాన్ మైదానంలో ఆ ఆట కోసం నిలిపిన రాతి గోలు స్తంభాలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి నుంచి ఆట తుర్కులతో, మొగలులతో కలిసి మన దేశానికి వచ్చింది. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతూ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. అక్బరుకు ఈ ఆట మీద ఎంత మక్కువ ఉండేదంటే, చీకటి పడ్డాక కూడా ఆడడానికి మోదుగు కర్రతో చేసిన బంతికి నిప్పంటించి వాడేవారని ఐనీ అక్బరీలో ఉంది. మోదుగు కర్ర నెమ్మదిగా కాలుతుందని, నిప్పు త్వరగా ఆరదని మోదుగు అడవుల పక్కన పుట్టి పెరిగిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆట అంతరించినా పేరు మిగిలిన చోట్లున్నాయి. హిమాచల్‌లోని చంబా పట్టణం మధ్యనున్న పచ్చిక బయలును ఇప్పటికీ చౌగాన్ అనే అంటారు.

మణిపూర్ సంప్రదాయం దీనికి సమాంతరంగా, దీనితో సంబంధం లేకుండా నడిచింది. మణిపూర్ రాజుల చరిత్రను నమోదు చేసిన చెయితారోల్ కుంబాబా అనే గ్రంథం క్రీ.శ. 33లో సింహాసనమెక్కినట్టు చెప్పే నోంగ్డా లైరెన్ పాఖంగ్బాతో మొదలవుతుంది. ఆయన కాలం నాటికే ఈ ఆట ఉందని పరంపర చెబుతుంది. అంతకన్నా ముందు కంగ్బా అనే పురాణపురుషుడు దీన్ని మొదలుపెట్టాడని చెప్పేవారూ ఉన్నారు. మైదానం క్రీ.శ. 33 నాటిదని ప్రచార పత్రాల్లో కనబడేది ఈ లెక్క వల్లనే. ఇక్కడ కాస్త నిలబడి ఆలోచించాలి. ఏ ఏటి సంగతులు ఆ ఏడే రాసిపెట్టే పద్ధతి మణిపూర్‌లో 15వ శతాబ్దం చివర క్యాంబా రాజు కాలంలో స్థిరపడింది. అంతకు ముందరి శతాబ్దాల సంగతులను తర్వాతి తరాలవారు విన్నవీ గుర్తున్నవీ కూర్చి రాశారు. కాబట్టి 33 అన్న సంఖ్యను శాసనంలో చెక్కిన తేదీలా చదవకూడదు. అలాగని కొట్టిపారేయకూడదు కూడా. తమ రాజ్యం ఎంత పాతదో తమ ఆట కూడా అంతే పాతదని ఒక జాతి నమ్మిందంటే, ఆ ఆట వాళ్ల బతుకులో ఎంత లోతుగా ఉందో ఆ నమ్మకమే చెబుతుంది. మన మల్లన్న ఏ సంవత్సరంలో గుర్రమెక్కాడని ఒగ్గు కథకుణ్ణి ఎవరూ అడగరు. 1597 నుంచి 1652 దాకా పాలించిన ఖాగెంబా రాజు ఆటకు నియమాలు ఏర్పరచాడన్న మాట దగ్గరికి వచ్చేసరికి మనం చరిత్ర నేల మీద కాలు పెడతాం.

నా మటుకు నాకు, మొదట పుట్టింది పారశీకంలోనా మణిపూర్‌లోనా అన్న తగవు తేలేది కాదు, తేలకపోయినా నష్టం లేదు. గుర్రమూ మైదానమూ తీరిక ఉన్న రౌతులూ ఉన్న చోట ఇలాంటి ఆట పుట్టడం సహజం. కాశ్మీరానికి ఎగువన గిల్గిత్, బల్తిస్తాన్ లోయల్లో కూడా జనం ఇదే ఆటను తమదైన పద్ధతిలో ఆడేవారు, ఇప్పటికీ ఆడుతున్నారు. అసలు ‘పోలో’ అన్న పేరే మణిపూర్‌ది కాదు. బల్తీ భాషలో బంతిని ‘పులు’ అంటారు, ఆ మాటే ఇంగ్లీషువాళ్ల నోట పోలో అయింది. పేరు ఒక కొండ మూల నుంచి, ఆట మరో కొండ మూల నుంచి వచ్చి కలిశాయి.

రెండో ప్రశ్నకు మాత్రం జవాబు గట్టిగా చెప్పవచ్చు. నేడు లండన్‌లోనో బ్యూనస్ ఐరిస్‌లోనో ఆడుతున్న పోలో మణిపూరీల ఆట నుంచే వచ్చింది, ఆ దారి ఆధారాలతో సహా కనబడుతుంది. ఆ దారి మొదలైంది ఒక మహా విపత్తులో.

1819లో బర్మా కొత్త రాజు బగ్యిదా పట్టాభిషేకానికి మణిపూర్ రాజు మార్జిత్ సింగ్ హాజరు కాలేదు. ఆ సాకుతో బర్మా సేనలు మణిపూర్ మీద పడ్డాయి. 1819 నుంచి 1826 దాకా సాగిన ఆ కాలాన్ని మణిపూరీలు ‘చహీ తరేత్ ఖుంతాక్‌పా’, అంటే ఏడేళ్ల విధ్వంసం అని ఇప్పటికీ తలుచుకుంటారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. బర్మావాళ్లు పట్టుకుపోయిన మణిపూరీ రౌతులు అక్కడి రాజు సైన్యంలో ప్రత్యేక అశ్వదళమయ్యారు. నిజానికి అంతకు ముందు శతాబ్దంలో జరిగిన దాడుల నాటి నుంచే ‘కాస్సే గుర్రపు దళం’ పేరుతో మణిపూరీలు బర్మా సేనలో ఉండేవారు. ప్రాణాలు దక్కించుకున్న రాజకుమారులూ ప్రజలూ పడమరకు, ఇప్పటి అస్సాంలోని కచార్ మైదానాలకు తరలిపోయారు. 1826 యాండబో సంధితో బర్మా వెనక్కి తగ్గి గంభీర్ సింగ్ మణిపూర్ గద్దె ఎక్కినా, చాలా కుటుంబాలు కచార్‌లోనే ఉండిపోయాయి. వెంట తెచ్చుకున్న గుర్రాలూ ఉండిపోయాయి. ఇల్లు పోయినవాళ్లు ఆటను మాత్రం పోనివ్వలేదు. వలస వెళ్లిన మన పాలమూరు మనిషి బొంబాయి చాలులో కూడా బతుకమ్మ పేర్చినట్టుగా, వాళ్లు కచార్ పొలాల్లో సగోల్ కాంగ్‌జై ఆడారు.

1832లో కచార్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1850ల నడుమ అక్కడ తేయాకు తోటలు లేచాయి, వాటితో పాటు తెల్ల దొరలూ వచ్చారు. ఆ అడవి ప్రాంతంలో సాయంత్రాలు ఎలా గడపాలో తెలియని వాళ్లకు మణిపూరీల ఆట కంటబడింది. కచార్ పాలనాధికారి రాబర్ట్ స్టూవర్ట్, సైనికాధికారి జోసెఫ్ షెరర్ ఆ ఆటలో దిగారు, నేర్చుకున్నారు. 1859లో సిల్చార్‌లో తోటల యజమానులతో కలిసి ఒక క్లబ్బు పెట్టారు. తెల్లవారి పోలో క్లబ్బుల్లో మొదటిది అదే. 1862లో కలకత్తా పోలో క్లబ్బు వచ్చింది. అది నేటికీ నడుస్తోంది. షెరర్ తర్వాత ఒక మణిపూరీ జట్టును కలకత్తాకు తీసుకువెళ్లి ఆడించాడు. ఆ పొట్టి గుర్రాల మీది వాళ్ల వేగానికి నగరంలోని దొరల జట్లు నిలవలేకపోయాయని చెబుతారు. కలకత్తా నుంచి ఆట అశ్వదళాల ద్వారా దేశమంతా పాకింది. 1869లో ఇంగ్లండులో ఆడారు, 1870లలో అక్కడి హర్లింగ్‌హామ్ క్లబ్బు నియమాలు అచ్చు వేసింది, 1892లో భారత పోలో సంఘం ఏర్పడింది. మా పక్క హింగోలిలో కూడా ఆ రోజుల్లో హైదరాబాద్ కంటింజెంట్ అశ్వదళం ఉండేది. నిజాం రాజ్యపు మూలమూలలా గుర్రపు దళాలుండేవి కనుక పోలో అన్న మాట దక్కన్‌కు కొత్త కాదు. ఆ దళాల రౌతులకు ఆ ఆట తోవ ఏ నిర్వాసితుల చేతుల మీదుగా సాగి వచ్చిందో తెలిసి ఉండదు.

షెరర్‌ను ‘ఆధునిక పోలో పితామహుడు’ అంటారు. ఆయన శ్రద్ధను నేను తక్కువ చేయను. అయితే ఆటను చూపించినవాళ్లు, గుర్రాలనిచ్చినవాళ్లు, కర్ర పట్టడం నేర్పినవాళ్లు పేర్లు లేకుండా మిగిలిపోయారు. పోలో చరిత్ర రాసేవారు సిల్చార్ క్లబ్బుతో మొదటి అధ్యాయం తెరవడం నాకు బాధ కలిగిస్తుంది. 1859 క్లబ్బు పుట్టిన ఏడాది. ఆట అప్పటికి నెత్తురోడి, ఇల్లు విడిచి, కొండలు దాటి వచ్చి ఉంది.

ఇక మైదానం దగ్గరికి వద్దాం. మపాల్ కాంగ్‌జైబుంగ్‌లో క్రమం తప్పకుండా పోటీలు జరిపించే ఏర్పాటును 1850 నుంచి 1886 దాకా పాలించిన చంద్రకీర్తి సింగ్ మహారాజు చేశాడు. అంటే ఆ నేల మీద పరంపర ఎంత పాతదైనా, ఇప్పుడు మనం చూస్తున్న బహిరంగ పోటీల మైదానంగా దానికి రూపం వచ్చింది 19వ శతాబ్దంలో. కచార్‌లో దొరలు ఆట నేర్చుకుంటున్న సమయంలోనే ఇంఫాల్‌లో రాజు ఆటను మళ్లీ నిలబెడుతున్నాడు. ఏడేళ్ల విధ్వంసం తర్వాత ఒక రాజ్యం తిరిగి లేచి నిలబడుతున్నప్పుడు, కోట గోడలతో పాటు ఆటస్థలం కూడా దానికి అవసరమైంది.

ఆ తర్వాతి తరంలో అదే నేల మరో దృశ్యం చూసింది. చంద్రకీర్తి కొడుకుల మధ్య వారసత్వ కలహం రేగింది. బ్రిటిష్ ప్రభుత్వం అందులో తలదూర్చి, సేనాపతి టికేంద్రజిత్ సింగ్‌ను పట్టుకోవాలని 1891 మార్చిలో ప్రయత్నించింది, అస్సాం చీఫ్ కమిషనర్ క్వింటన్‌తో సహా కొందరు బ్రిటిష్ అధికారులు హతమయ్యారు, అది యుద్ధమైంది. ఏప్రిల్‌లో ఖోంగ్‌జోమ్ దగ్గర మణిపూరీలు ఓడిపోయారు, ఆ నెలాఖరుకు ఇంఫాల్ బ్రిటిష్‌వారి వశమైంది. టికేంద్రజిత్ పోలో ఆటగాడిగా పేరు మోసినవాడు. 1891 ఆగస్టు 13న ఆయననూ, వృద్ధుడైన థంగాల్ జనరల్‌నూ పోలో మైదానం చెంతనే జనమంతా చూస్తుండగా ఉరితీశారు. తన ఆట చూడడానికి జనం గుమిగూడిన చోటికి దగ్గరలోనే ఆయన చావును చూడడానికీ జనం గుమిగూడవలసి వచ్చింది. ఇప్పుడు ఆ ప్రదేశం బీర్ టికేంద్రజిత్ పార్కు. అక్కడ షహీద్ మినార్ ఉంది. ఏటా ఆగస్టు 13ను మణిపూర్ దేశభక్తుల దినంగా జరుపుకుంటుంది.

ఓటమి తర్వాత కాంగ్లా కోట సైన్యం చేతిలోకి పోయింది. లోపలి మైదానం, అంటే మనుంగ్ కాంగ్‌జైబుంగ్, ప్రజలకు అందకుండా పోయింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా కోటలో అస్సాం రైఫిల్స్ ఉంది. కోటను మణిపూర్ ప్రజలకు తిరిగి అప్పగించింది 2004 నవంబరు 20న. నూటపదమూడేళ్ల పాటు లోపలి మైదానం మూసి ఉన్నప్పుడు బయటి మైదానమే ఆటను నిలబెట్టింది. ‘ఇప్పటికీ ఆడుతున్న అతి పాత పోలో మైదానం’ అన్న బిరుదులో నాకు విలువైనదిగా తోచేది ‘ఇప్పటికీ ఆడుతున్న’ అన్న భాగమే. ఇస్ఫహాన్‌లో రాతి స్తంభాలు నిలిచి ఉన్నాయి గానీ వాటి మధ్య గుర్రాలు దౌడు తీయడం ఎప్పుడో ఆగిపోయింది.

ఆట ఎలా ఉంటుందో కొంత చెప్పాలి, ఎందుకంటే ఆట తీరు తెలియకపోతే గుర్రం సంగతి అర్థం కాదు. నేటి అంతర్జాతీయ పోలోలో జట్టుకు నలుగురు. మైదానం 300 గజాల పొడవు. రెండు కొసలా ఎనిమిది గజాల ఎడంతో గోలు స్తంభాలు. సగోల్ కాంగ్‌జైలో జట్టుకు ఏడుగురు. గోలు స్తంభాలుండవు, ఎదుటి జట్టు కొసనున్న గీత మొత్తం గోలే, దాని మీదుగా బంతి ఎక్కడ దాటినా గెలుపు లెక్కే. బంతి వెదురు వేరు దుంపతో చేసినది. ఆటగాళ్లకు తలపాగా, మోకాళ్ల మీదికి బిగించి కట్టిన పంచె, పిక్కలకు కాపుదల పట్టీలు ఉంటాయి; చెప్పులు మాత్రం వేసుకోరు. గుర్రానికి రెండు పక్కలా జీను నుంచి వేలాడే వెడల్పాటి తోలు పలకలు రౌతు కాళ్లను దెబ్బల నుంచి కాపాడతాయి. పద్నాలుగు గుర్రాలు ఒకేసారి బంతి మీదికి మళ్లుతాయి కనుక ఇందులో సూటిగా పరుగెత్తే బలం కన్నా, ఉన్న చోటనే గిరుక్కున తిరగగల నేర్పు ముఖ్యం. మణిపూరీ గుర్రం సరిగ్గా దానికే పుట్టినట్టుంటుంది. ఎత్తు 44 నుంచి 52 అంగుళాల లోపు. అంటే మన మాళేగావ్ సంతలో కనబడే తట్టుకు దగ్గరి కొలత. ఇంఫాల్‌లో ఇప్పుడు ఈ రెండు పద్ధతుల ఆటలూ జరుగుతాయి. ఏ పద్ధతిలో ఆడినా గుర్రం మాత్రం ఆ పొట్టిదే.

ఆ గుర్రాన్ని ఎవరు పెంచారు? దక్కన్‌లోనూ రాజస్థాన్‌లోనూ పోలో అంటే సంస్థానాధీశుల గుర్రపుశాలలు, సాయిసులు, మాలీసులు, దాణా బస్తాలు గుర్తుకొస్తాయి. ‘గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు’ అని మన సామెత. మణిపూర్ లోయలో దారి వేరు. అక్కడ గుర్రం మామూలు రైతు ఇంటిది. మెయితెయి కుటుంబాలూ, మణిపూరీ ముస్లిములైన పంగాల్ కుటుంబాలూ గుర్రాలను పెంచేవి. వాటికి కట్టుగొయ్యలూ దాణా తొట్లూ పెద్దగా అవసరం లేదు. లోయంతా పరుచుకున్న ‘పాట్’లు, అంటే చిత్తడి నేలలు, వాటి మేతబీళ్లు. మోకాటి లోతు నీళ్లలో దిగి నీటి గడ్డి మేసి బలిసే గుర్రం అది. ఆటకో ప్రయాణానికో అవసరమైనప్పుడు యజమాని వెళ్లి పట్టుకొచ్చుకుంటాడు, పని తీరాక వదిలేస్తాడు. ఖర్చు లేని ఈ పెంపకం వల్లనే పోలో అక్కడ ధనికుల ఆట కాకుండా ఉండగలిగింది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఆటల్లో ఒకటిగా మారినదానికి పుట్టిల్లు చిత్తడి నేలలో ఉచితంగా దొరికే గడ్డి అన్నది ఆలోచించదగ్గ సంగతి.

ఆ గుర్రానికి రాజ్యంతోనూ సంబంధం ఉండేది. మణిపూర్‌లో ‘లల్లుప్’ అనే ఏర్పాటు కింద వయసు వచ్చిన ప్రతి పురుషుడూ నలభై రోజులకు పది రోజుల చొప్పున రాజుకు సేవ చేయాలి. యుద్ధమైనా, చెరువు పనైనా, గుర్రాల పనైనా అందులో భాగమే. మణిపూరీ రౌతులు ‘అరంబాయి’ అనే చిన్న బాణాల్లాంటి ఆయుధాలను, దౌడు తీస్తున్న గుర్రం మీద నుంచి వెనక్కి విసిరేవారు. 18వ శతాబ్దంలో పామ్‌హైబా రాజు కాలంలో ఈ అశ్వదళాలు బర్మా లోపలికి చొచ్చుకుపోయాయి. అలాంటి రౌతుకు మైదానంలో ఆట అంటే సాధనే. శాంతికాలంలో ఆ నేర్పు తుప్పు పట్టకుండా కాంగ్‌జైబుంగ్ కాపాడింది. 1891 తర్వాత బ్రిటిష్‌వారు లల్లుప్‌ను రద్దు చేసి దాని బదులు ఇంటి పన్ను వేశారు. వెట్టి పోవడం మంచిదే. కానీ దానితో పాటు గుర్రానికి రాజ్యంలో ఉన్న కొలువు కూడా పోయింది. అశ్వదళం లేదు, అరంబాయి లేదు. ఆట ఒక్కటే మిగిలింది.

ఆ ఆటలో కూడా ప్రపంచం మణిపూరీ గుర్రాన్ని వదిలేసి ముందుకు పోయింది. పోలో గుర్రాన్ని ఇంగ్లీషులో ‘పోనీ’ అని పిలవడం మొదట్లో నిజంగానే పొట్టి గుర్రాల మీద ఆడినందువల్ల వచ్చింది. క్లబ్బుల నియమాల్లో గుర్రం ఎత్తుకు పరిమితి ఉండేది. దాన్ని క్రమంగా పెంచుతూ పోయి 19వ శతాబ్దం చివరికి 58 అంగుళాలు చేశారు, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత పరిమితినే తీసేశారు. అప్పటి నుంచి పందెపు గుర్రాల రక్తం కలిసిన పెద్ద గుర్రాలు, ముఖ్యంగా అర్జెంటీనావి, మైదానాలను ఆక్రమించాయి. పేరు ‘పోనీ’గానే మిగిలింది, పొట్టి గుర్రం మాత్రం తప్పుకుంది. మన దేశంలోని పెద్ద పోలో నగరాల్లో కూడా మణిపూరీ గుర్రానికి చోటు లేకపోయింది. ఆట ఎంత వ్యాపించిందో, ఆ ఆటను కన్న గుర్రానికి గిరాకీ అంత తగ్గింది. ఈ మెలిక తెలియకుండా మణిపూర్‌లో గుర్రాలెందుకు తగ్గాయన్నది అర్థం కాదు.

లెక్కలు చూస్తే గుండె కలుక్కుమంటుంది. పశుగణనలో 2003లో మణిపూరీ గుర్రాలు 1,898. 2012 నాటికి 1,101. 2019లో 1,089. ఒక రాష్ట్రం మొత్తంలో ఉన్నవి ఇవి. మాళేగావ్ జాతరకు వచ్చిన జనంలో ఒక మూలన కలిసిపోయేంత సంఖ్య. 2013లో రాష్ట్ర ప్రభుత్వం ఈ జాతిని అంతరించే ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించింది, 2016లో పరిరక్షణ విధానం తెచ్చింది. విధానం రావడం ఆలస్యమైనా అవసరమైనదే. కానీ కారణం ఎక్కడుందో అక్కడ చూడాలి. ఇంఫాల్ చుట్టూ ఉన్న పాట్‌లు ఒక్కొక్కటిగా పూడ్చబడ్డాయి. లంఫెల్‌పాట్ అన్న పేరులోనే పాట్ ఉంది. ఇప్పుడు అక్కడ కార్యాలయాలు, వైద్య సంస్థ, నివాసాలు లేచాయి. మిగిలిన చిత్తడి నేలలు పొలాలూ చేపల చెరువులూ అయ్యాయి. మేతబీడు పోయినా, గుర్రాన్ని వదిలిపెట్టి మేపే అలవాటు పోలేదు; దానితో గుర్రాలు ఊరి రోడ్ల మీదికి వచ్చాయి. చెత్తకుప్పల్లో ప్లాస్టిక్ సంచులు తిని, వాహనాల కింద పడి చచ్చిపోతున్నాయి. కొనిపెట్టే దాణాతో పెంచాలంటే ఆ రైతుకు తాహతు లేదు. తాహతున్నవాడికి ఈ పొట్టి గుర్రంతో పని లేదు. మైదానానికి కంచె వేసి, గడ్డి కత్తిరించి, మెట్లు కట్టినంత మాత్రాన ఈ లెక్క మారదు.

ఇది మణిపూర్ ఒక్కదాని కథ కాదని మా వైపు వాళ్లకు చెప్పడానికి ఇంకో ఉదాహరణ ఉంది. భీమా నది పరీవాహకంలో పుట్టిన భీమ్‌థడీ గుర్రం మరాఠా దండయాత్రల కాలంలో దక్కన్‌ను మోసింది. ఆ దండు గుర్రం తర్వాత గొర్రెల కాపరుల సామాన్లు మోసే తట్టుగా మిగిలింది. దానికి ప్రత్యేక జాతిగా అధికారిక గుర్తింపు వచ్చింది ఈ మధ్యనే. మాళేగావ్‌లో లక్షలు పలికే తెల్ల గుర్రాల ముందు జనం మూగుతారు, పెళ్లి బారాతుకు ఏది బాగుంటుందని బేరమాడతారు. ఈ తట్టుల దగ్గర ఆగేవాళ్లు తక్కువ.

మణిపూరీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. గుర్రపుస్వారీ, పోలో సంఘాలు ఏళ్ల తరబడి పోటీలు నడుపుతున్నాయి. నవంబరులో సంగాయి ఉత్సవాల వేళ విదేశీ జట్లు వచ్చి మణిపూరీ గుర్రాల మీదనే ఆడుతూ వచ్చాయి. 2016 నుంచి జనవరిలో రాష్ట్రావతరణ దినం పేరిట మహిళల పోటీలు మొదలయ్యాయి. పాఖంగ్బా రాణి లైస్నా పేరును ఈ ఆటతో ముడిపెట్టి చెప్పుకునే నేల మీద ఆడపిల్లలు కర్ర పట్టి గుర్రమెక్కడం చూస్తే, ఆట తన దారి తాను వెతుక్కుంటోందనిపిస్తుంది. అక్కడ ఆటకూ గుర్రానికీ కలిపి ఒక దేవుడున్నాడు, పేరు మార్జింగ్. ఇంఫాల్ శివారు హైంగాంగ్ కొండ ఆయన నెలవు. మన మల్లన్నలాగే ఆయనా కొండ మీద గుర్రంతో ఉంటాడు. ఆ కొండ మీద పోలో ఆటగాడి విగ్రహాన్ని 120 అడుగుల ఎత్తున నిలబెట్టి 2023 జనవరిలో ఆవిష్కరించారు. అదే ఏడాది మే 3న మొదలైన హింస మణిపూర్‌ను చీల్చింది. ఊళ్లు తగలబడి మనుషులు శిబిరాల్లో తలదాచుకుంటున్నప్పుడు గుర్రం గురించి మాట్లాడడం కొందరికి చిన్న విషయంగా తోచవచ్చు. అయితే 1819లో ఇళ్లు తగలబడి పారిపోయినవాళ్లు వెంట తీసుకుపోయినవాటిలో ఆ గుర్రాలున్నాయి.

మా అన్న కొడుకుకు ఆ రోజు ఇంత చెప్పలేదు. “ఆడుతున్న వాటిల్ల పాతది అదేరా, కాని ఆట గురించి అడిగినట్టే గుర్రం గురించి గూడ అడుగు” అన్నాను. వాడు వెంటనే, ఆట అయిపోయాక ఆ గుర్రాలను ఎక్కడ కడతారని అడిగాడు. కట్టరు, జీను విప్పి మేతకు వదిలేస్తారని చెప్పాను. ఎక్కడికని వాడు మళ్లీ అడిగాడు.